చందుర్తి మొదలు విండ్సరు వఱకు: మన్‌స్టర్ ఫ్యూజిలీర్ల యుద్ధచరిత్రము



ఈ వార్షికసంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాసి పంపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన పూర్వుల శాసనములను గూర్చియో, వారి దానధర్మములను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను వ్రాయబూనినది సముద్రముల కావలి యొక సేనయొక్క కథ. దాని పేరు రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలీర్లు. ఐర్లండు దేశమున దక్షిణభాగమగు మన్‌స్టర్ సీమకు చెందిన బ్రిటిషు కాల్బల మది. 1922వ సంవత్సరమున రద్దయినది. దానితో మనకేమి పని యని చదువరు లడుగవచ్చును. ఆ సేనకు లభించిన యుద్ధబిరుదములలో మన తెలుగుదేశపు స్థలములు రెండు గలవు. ఒకటి పిఠాపురమునకు చేరువనున్న చందుర్తి. ఆంగ్లేయులు దానిని కాండోర్ అని వ్రాసికొనిరి. రెండవది మచిలీపట్టణము. మన యూళ్ల పేరులు ధరించి తిరిగిన ఆ సేన తన కడపటి మహాయుద్ధమున నేమయ్యెనో, దాని మృతులకు పిమ్మట నేమి గతి పట్టెనో తెలిసికొనుట మనకు నిష్ప్రయోజనము కాదని నా విన్నపము.

నేను ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో సంస్కృతముతో పాటు చరిత్రమును గూడ బోధించితిని. చందుర్తి యుద్ధము వచ్చినప్పుడెల్ల, ఫోర్డు గెలిచెను, కాన్‌ఫ్లాన్సు ఓడెను, ఉత్తరసర్కారులు ఫ్రెంచివారి చేతినుండి జాఱిపోయెను అని మూడు వాక్యములలో ముగించెడివాడను. ఒకనాడొక బాలుడు లేచి, "పంతులుగారూ, గెలిచినవారి పేరును ఓడినవారి పేరును చెప్పితిరి. చచ్చిపోయినవారి పేరులు చెప్పలేదేమండీ?" యని యడిగెను. "అది పరీక్షలో నడుగరు, కూర్చుండుము" అంటిని. పిల్లలు నవ్విరి; వాడు తల వంచుకొని కూర్చుండెను. ఆ మాట తలచుకొన్నప్పుడు నాకు నేటికిని సిగ్గు కలుగును. ఈ వ్యాసము వాని ప్రశ్నకు మిక్కిలి యాలస్యముగా నిచ్చుచున్న యుత్తరమని యెంచుడు.

1756వ సంవత్సరాంతమున రాబర్టు క్లైవు వంగదేశమున కుంఫిణీ కొలువులోని తెల్లసైనికులను కూర్చి యొక పటాలముగా నేర్పఱచెను. బెంగాలు యూరోపియను రెజిమెంటు అని దానికి పేరు. మఱుసటి యేట ప్లాసీ రణరంగమున నది పోరెను. అదే 1757వ సంవత్సరము జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధమును, పిమ్మట తాండ్ర పాపారాయుని చేతిలో విజయరామరాజు హతుడగుటయు నెఱుగని తెలుగువారుండరు. ఆయన పిదప విజయనగరపు గద్దె నెక్కిన ఆనందగజపతి ఫ్రెంచివారితో చెడి, విశాఖపట్టణమును వారినుండి లాగుకొని, ఆంగ్లేయులను సాయమునకు పిలిచెను. క్లైవు 1758లో కర్నలు ఫోర్డును సుమారు 500 మంది యూరోపియనులతోను, 2,000 మంది సిపాయిలతోను ఓడలపై విశాఖకు పంపెను.

ఆ యేడు డిసెంబరు మాసమున చందుర్తికడ నిరుసేనలు తలపడినవి. ఎత్తుగా పెరిగిన పైరు ఫోర్డు యొక్క తెల్లపటాలమును కనబడనీయలేదు. వంగదేశపు సిపాయిలు ఎఱ్ఱ అంగీలు తొడిగియుండిరి. సిపాయిల కట్టి యుడుపు ఫ్రెంచివా రెఱుగరు; కావున వారినే యూరోపియనులని భ్రమించి తమ బలమునంతయు వారిపై గుప్పించిరి. సిపాయిలు చెదరిరి. వారిని తఱుముచు వచ్చిన ఫ్రెంచివారి వరుసలు కలగాపులగమయ్యెను. అంతట పైరు చాటున నున్న పటాలము ప్రక్కనుండి కాల్పులు సాగించి వారిని విఱుగగొట్టెను. విజయము ఫోర్డునకు, బిరుదము పటాలమునకు దక్కెను. తొలిదెబ్బ మాత్రము సిపాయిలకు దక్కెను.

అచ్చటనుండి ఫోర్డు రాజమహేంద్రవరము మీదుగా బందరు చేరి 1759 మార్చిలో కోటను ముట్టడించెను. నెల గడచెను. మందుగుండు రెండు దినములకు మించి లేదు. నైజాము సలాబతుజంగు మహాసైన్యముతో బెజవాడవైపునుండి వచ్చుచుండెను. నిలిచియుండుటకు వీలు లేదు, మరలిపోవుటకు దారి లేదు. ఏప్రిలు 7వ తేది రాత్రి ఫోర్డు సర్వమునకు తెగించి కోటపైకి లగ్గకెక్కెను. ఒకవైపు సిపాయిలు చిత్తడినేలలో నడిచి శత్రువుల దృష్టిని తమవైపు త్రిప్పుకొనగా, వేఱొకవైపు పటాలము బురుజుల నెక్కెను. యార్కు అను కాప్టెను ముందు నడువగా నాతని కిరుప్రక్కల భేరి మ్రోయించుచున్న యిద్దఱు నల్లబాలురు గుండ్లు తగిలి కూలిరి. యార్కు రెండు కాళ్లకును గాయములతో పడిపోయెను. తెల్లవారునప్పటికి కాన్‌ఫ్లాన్సు శరణు చొచ్చెను. చెఱపట్టబడినవారి సంఖ్య పట్టుకొన్నవారి సంఖ్యను మించెను. మే నెలలో సలాబతుజంగు సంధి చేసికొని బందరును, నిజాంపట్నమును ఆంగ్లేయుల కిచ్చెను. నూటయెనుబది యేండ్లకు పైబడిన యాంగ్లప్రభుత్వమునకు మన తీరమున పునాది పడినది నాడే. యార్కు పేరు గ్రంథముల కెక్కినది. ఆ భేరివాద్యగాండ్ర పేరులు నేను చదివిన యే గ్రంథమునను గానరావు.

కుంఫిణీ ప్రభుత్వ మంతరించిన పిమ్మట ఆ రెజిమెంటు రాణి సేనలో కలిసి 101వ కాల్బల మనిపించుకొనెను. 1881లో సేనాసంస్కరణములు జరిగినప్పుడు, బెంగాలులోనే పుట్టిన 104వ కాల్బలముతో జతపఱచి, దానిని ఐర్లండులోని మన్‌స్టర్ సీమ కప్పగించిరి. కెర్రీ మండలములోని ట్రలీ పట్టణము దాని స్థావరమయ్యెను. కార్కు, కెర్రీ, లిమెరిక్కు, క్లేరు మండలముల కాపుపిల్లలును, కూలివారును, జాలరులును అందు చేరిరి. బెంగాలుపులి మాత్రము వారి టోపీబిళ్లపై నిలిచిపోయెను. రెజిమెంటన నొక వంశము వంటిది. పటాలములు దాని శాఖలు. శాఖ నశించినను వంశనామము నిలుచును. క్రొత్తగా చేరినవాడు పూర్వుల బిరుదముల కెల్ల వారసుడగును. ఆ విధముగా గోదావరి పేరైన వినని కెర్రీ పిల్లవాడు చందుర్తి గెలిచిన వంశమువాడయ్యెను. వాని దేశమే యప్పటికి పరాధీనము. పరాధీనుని పరాధీనుని చేతనే జయించుట సామ్రాజ్యముల పురాతనవిద్య. సిపాయియు ఐరిషువాడును ఆ విద్యకు రెండు పనిముట్లు.

1914 ఆగస్టులో మహాయుద్ధము పుట్టునప్పటికి ఈ రెజిమెంటు మొదటి పటాలము రంగూనులోను, రెండవది ఇంగ్లండులోని ఆల్డర్‌షాటులోను ఉండెను. రెండవ పటాలము వెంటనే ఫ్రాన్సునకు పోయెను. మాన్సు యుద్ధము పిమ్మట బ్రిటిషుసేన వెనుకకు నడచుచుండగా, ఆగస్టు 27వ తేదిని వెన్నుకాచు పని యీ పటాలమునకు వచ్చెను. మేజరు షారియే దాని నాయకుడు. వెనుకకు రమ్మను నాజ్ఞ సకాలమున వారికి చేరలేదు. ఎట్రూ అను గ్రామముకడ జర్మనులు దారి కట్టివేసిరి. అనేకరెట్లు మీఱిన శత్రుబలముతో ఆ దినమంతయు పోరి, కడకు పండ్లతోట యొకదానిలో చుట్టుముట్టబడిరి. షారియే హతుడయ్యెను. రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున, గుండ్లు నిండుకొనగా, మిగిలిన సుమారు 250 మంది చెఱపట్టబడిరి. వారి పరాక్రమమునకు మెచ్చి జర్మనులు వారిని మర్యాదతో చూచి, తమ మృతులను తామే పూడ్చుకొన ననుమతించిరి. వా రచ్చట కాలము జరుపుటచే ప్రధానసేనకు తప్పించుకొన దారి దొరికెను. ఆ తోటయే వారికి శ్మశానవాటిక. నేటికిని అచ్చట వారి సమాధులు కలవు.

రంగూనునుండి వచ్చిన మొదటి పటాలము గాలిపోలీ ద్వీపకల్పమునకు పంపబడెను. టర్కీ రాజధానికి పోవు జలమార్గమును తెఱచుటకై మిత్రరాజ్యములు తలపెట్టిన దండయాత్ర యది. 1915 ఏప్రిలు 25వ తేది ఉదయమున సెద్దుల్‌బహరు కోటక్రింద, పటములలో 'వి' అని గుఱుతు పెట్టిన చిన్న యిసుకతీరమున దిగవలసియుండెను. 'రివర్ క్లైడ్' అను పాత బొగ్గుల యోడ ప్రక్కలను కోసి ద్వారములు పెట్టి, అందు సుమారు 2,000 మందిని నింపి, తీరమునకు పోనిచ్చి నేల నానించిరి. మన్‌స్టర్ పటాలము అందులోనే యుండెను. దానిప్రక్కన తెఱపపడవలలో వచ్చినవారు డబ్లిన్ ఫ్యూజిలీర్లు. చదువరులు గమనింతురు గాక: ఈ డబ్లినువారి మొదటి పటాలము మన చెన్నపట్టణమున కుంఫిణీవారు నిలిపిన మదరాసు యూరోపియను రెజిమెంటునకు వారసురాలు. వంగదేశపు పటాలమును, చెన్నపట్టణపు పటాలమును ఆ ప్రాతఃకాలమున నొక్క తీరమున కలిసికొనినవి.

ఓడ తీరమునకు తగినంత చేరువకు రాలేదు. నడుమ పడవలతో వంతెన కట్టవలసివచ్చెను. కెరటములు దానిని నిలువనీయవు. నౌకానాయకుడు అన్‌విన్ నీటిలోకి దిగి త్రాళ్లు పట్టుకొని నిలిచెను. గట్టుమీది తురుష్కులు పడవలు చేరువదాక వచ్చువఱకు నోర్చి, పిమ్మట నొక్కసారిగా కాల్చిరి. ఓడద్వారమునుండి వెలువడిన మన్‌స్టరువారు ఆ పలకలమీదనే వరుసగా కూలిరి. నీటిలో పడినవారిని వీపుమీది మూటల బరువు ముంచివేసెను. పడవలలోని డబ్లినువారు తీరము ముట్టకమున్నే పడవలలోనే నిర్జీవులైరి. పైనుండి విమానములో చూచినవారికి సముద్రజలము గట్టుదాపున నెఱ్ఱగా కానవచ్చెనట. మిగిలిన సుమారు వేయిమంది చీకటిపడువఱకు ఓడగర్భములోనే యుండి, వెలుపల గాయపడినవారి యార్తనాదములు వినుచు నూరకుండవలసివచ్చెను.

ఆ గట్టును కాచిన తురుష్కులు కొలదిమంది. వారిలో యాహ్యా అను సార్జంటు పేర నచ్చట తురుష్కులు స్మారకము నిలిపికొనిరి. స్వదేశము కొఱకు పోరిన వారి ధైర్యమును శత్రువులే కొనియాడిరి.

మఱునాడు మిగిలినవారు ముళ్లతీగల దాటి కోటను, గ్రామమును పట్టుకొనిరి. ముళ్లతీగలను కత్తెరలు తెంపజాలకుండగా, కార్కు మండలమునకు చెందిన కాస్‌గ్రోవు అను కార్పొరలు, ఆజానుబాహువు, గుండ్లవానలో ముందునకు పోయి తీగలు కట్టిన కొయ్యలను చేతులతో పెఱికి పాఱవైచెను. విక్టోరియా క్రాసు పతక మాతనికి లభించెను. ఆతని దేహమున దిగిన యినుపతునుకలు మాత్రము ఆతనితోనే యుండి, ఇరువది యేండ్ల పిమ్మట, 1936లో, ఆతని మరణమునకు కారణమయ్యెను. అయిదు దినములలో రెండు పటాలములును ఎంత క్షీణించెననగా, మన్‌స్టరును డబ్లినును కలిపి యొక్క పటాలముగా చేసిరి. సైనికు లా రెండు పేరులను కలిపి 'డబ్‌స్టర్లు' అని పిలుచుకొనిరి.

ఎట్రూలో నశించి మరల నిండింపబడిన రెండవ పటాలము ఆ సమయమున ఫ్రాన్సులో నుండెను. మే 8వ తేది సాయంకాలమున 'ర్యూ డ్యు బ్వా' అను బాటప్రక్క శిథిలమైన యొక చిన్న ప్రార్థనామందిరముకడ కర్నలు రికార్డు పటాలమును నిలిపెను. గ్లీసను అను మతగురువు గుఱ్ఱముమీద నుండియే చేయెత్తి, బారులు తీర్చి తలలు వంచిన యందఱికి నొక్కమాటుగా పాపవిమోచనము పలికెను. తెల్లవారి ఓబర్సు మిట్టపై జరిగిన ముట్టడిలో రికార్డు హతుడయ్యెను. ఒక్క పూటలో పటాలమున నూర్లకొలది కూలిరి. రికార్డు భార్య పూనికచే మటానియా అను చిత్రకారుడు ఆ సాయంకాలపు దృశ్యమును చిత్రించెను. ఆ పటము ఐర్లండులో నింటింట గోడల కెక్కెను.

అదే దినమున, అదే మిట్టపై, వారి ప్రక్కనే ముట్టడించినవారు మన దేశపు మీరట్టు డివిజను సైనికులు. చందుర్తిలో సిపాయియు తెల్లపటాలమును ఒక్క యుద్ధమున నుండిరి. నూటయేబది యాఱేండ్ల పిమ్మట, మఱియొక ఖండమున, మరల నొక్క యుద్ధమున నుండిరి.

1916 ఏప్రిలులో డబ్లిను నగరమున స్వాతంత్ర్యవాదులు తిరుగుబాటు చేసిరి. ప్రభుత్వము నాయకులను కాల్చి చంపెను. నాడు ఫ్రాన్సు కందకములలో నున్న ఎనిమిదవ మన్‌స్టర్ పటాలమున కెదురుగా జర్మనులు పలకలు నిలిపి, మీ యింటికడ నాంగ్లేయుల ఫిరంగులు మీ భార్యాబిడ్డలపై ప్రేలుచున్నవని వ్రాసిరి. మన్‌స్టరువారు పాటలు పాడి బదులిచ్చి, చీకటిలో పోయి యా పలకలను లాగికొనివచ్చిరి. వారి హృదయములలో నేమి మెదలెనో యెవ్వరు చెప్పగలరు? స్వపరిపాలన వచ్చునను నమ్మికతో సేనలో చేరినవారు పెక్కండ్రు. పొట్టకూటికై చేరినవారు నంతకంటె పెక్కండ్రు. వారు పరదేశమున పోరుచుండగానే స్వదేశమున గాలి మాఱిపోయెను.

యుద్ధము ముగియునప్పటికి పదునొకండు పటాలములుగా పెరిగిన యీ రెజిమెంటులో మృతులు మూడువేల దరిదాపు. మిగిలినవారు తిరిగివచ్చునప్పటికి ఐర్లండు ఆంగ్లేయులతో పోరుచుండెను. వీరిని తోరణములతో నెదుర్కొనినవారు లేరు. శత్రువు నుడుపు ధరించినవారని కొందఱు వేఱుగా చూచిరి. పతకములను పెట్టె యడుగున దాచి, తాము పోయివచ్చిన చోటులను బిడ్డలకు సైతము చెప్పక కాలము గడపినవారు పెక్కండ్రు. 1921 డిసెంబరు సంధిచే దక్షిణ ఐర్లండు వేఱయ్యెను; అచ్చటి రెజిమెంటులను రద్దు చేయ నిశ్చయించిరి. 1922 జూను 12వ తేదిని విండ్సరు కోటలో అయిదవ జార్జిరాజు ఆ జెండాలను తన చేతులతో నందుకొని, వానిని గౌరవముతో భద్రపఱతునని మాట యిచ్చెను. జూలై 31వ తేదితో మన్‌స్టర్ ఫ్యూజిలీర్ల వంశము ముగిసెను. చందుర్తియు, మచిలీపట్టణమును విండ్సరు కోటగోడల నడుమ నట్లు స్థిరపడెను.

జెండాలకు కోట దొరకెను. మనుష్యుల స్మృతికి మాత్రము చిరకాలము చోటు దొరకలేదు. డబ్లినులో వారికై స్మారకోద్యాన మొకటి నిర్మింపబడెను. దానికి రూపకల్పన చేసినవాడు మన ఢిల్లీలోని ఇండియా గేటునకు రూపకల్పన చేసిన లట్యెన్సే. అది పట్టించుకొనువారు లేక పాడుపడి, 1988లో జీర్ణోద్ధరణము పొందెను. 1998 నవంబరు 11వ తేదిని బెల్జియములోని మెసీన్సుకడ ఐరిషు అధ్యక్షురాలు మేరీ మకలీసును, ఆంగ్లరాణి ఎలిజబెత్తును కలిసి, ఉత్తరదక్షిణ భేదము లేక ఐరిషు మృతులందఱి జ్ఞాపకార్థము శాంతివన మొకదానిని ప్రారంభించిరి. ఎనుబది సంవత్సరములు పట్టెను! తాతను తలచుకొనుటకు మనుమడు ముసలివాడు కావలసివచ్చెను.

యుద్ధము న్యాయమా యన్యాయమా యన్నది రాజుల లెక్క. చచ్చినవానికి నీళ్లు వదలుట బ్రదికియున్నవారి ఋణము. ఈ రెంటిని కలిపి చూచుటయే ఐర్లండు చేసిన తప్పు. నేను తరగతిలో చేసిన తప్పును అదియే. మహాభారతమున స్త్రీపర్వమును చదివినవా రెఱుగుదురు: కురుక్షేత్రము ముగిసిన పిదప ధర్మరాజు తనవారికే కాక పగవారికిని సంస్కారములు జరిపించెను, అంతటితో నాగక, నానాదేశములనుండి వచ్చి దిక్కులేక పడియున్న వారికి సైతము దహనము చేయించెను. గెలిచిన రాజు చేసిన మొదటి రాజకార్య మది. ఇంతకంటె రాజధర్మము వేఱుండదు.

ఫ్రాన్సులోని నవ్‌షాపెల్లుకడ 1927లో నిలిపిన స్మారకముపై 4,700 మందికి పైగా భారతసైనికుల పేరులు చెక్కబడి యున్నవి. వారు పోరినదియు పరుల కొఱకే. అయినను వారి పేరులు ఱాతిమీద నున్నవి. చందుర్తి పైరులో నెఱ్ఱ అంగీలతో కూలిన సిపాయిల పేరులు మనకు మిగులలేదు. బందరు బురుజుకడ భేరి మ్రోయించిన బాలుర పేరులును మిగులలేదు. ఆ రెండు స్థలములును మన యింటి ముంగిలివంటివి. వారు వంగదేశమువారైన నేమి, ఏ కులమువారైన నేమి, మన మట్టిలో కలిసినవారు.

కావున సభవారికి నా విజ్ఞాపన మొక్కటి. ప్రతివార్షికమునను మన దాతల పేరులు, పట్టభద్రుల పేరులు, పదవులందినవారి పేరులు ఈ సంచికలో ముద్రించుచున్నాము, ముద్రింపవలసినదే. వానిప్రక్కన మఱియొక పట్టిక చేరవలెను. మన కుటుంబములనుండి 1914-18 యుద్ధమునకును, 1939-45 యుద్ధమునకును, స్వతంత్రభారతసేనలోను పోయినవా రెవరు? సాపర్ల దళములలో మెసొపొటేమియాకు పోయినవాడు, బర్మాలో బాటలు వేసినవాడు, తిరిగిరానివాడు, తిరిగివచ్చియు నోరు విప్పనివాడు, ఎవరింట నుండిరి? ఇంటి ముసలమ్మలకు కొందఱి పేరు లింకను నోటనున్నవి. పాతపెట్టెలలో జాబులును, పతకములును, పింఛను కాగితములును ఉన్నవి. ముసలమ్మ పోయినచో పేరు పోవును. అది గొప్ప యుద్ధమా, వాడు గొప్ప వీరుడా యని చూడనక్కఱ లేదు. పేరు, ఊరు, పోయిన సంవత్సరము, ఈ మూడు వ్రాసి పంపిన చాలును. పట్టిక కూర్చు పని, కన్నులు సహకరించునంతకాలము, నేనే చేసెదను.

నాడు తరగతిలో లేచి ప్రశ్నించిన బాలుడు నేడు ఎక్కడ నున్నాడో నాకు తెలియదు. ఈ సంచిక యెన్నడైన వాని చేత పడినయెడల, తన పంతులు తన ప్రశ్నను మఱవలేదని వానికి తెలియుగాక.